నీ బదులు నాసిక్‌కు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు వేసిన నాసిక్ ప్లాను మాత్రం బతికే ఉంది. కల్లు తప్ప ఎరగని నీ దోస్తులు ద్రాక్షతోటలు చూసి, వైన్ రుచుల మీద తీర్పు చెప్పబోతున్నారు.

పొద్దున షిఫ్టు దిగి గని గేటు దగ్గర కూలబడితే నీ దోస్తు మల్లేశం కాక వచ్చాడు.

"మీ బాపు నౌకరి చేస్తున్నవ్ గద, ఆయన టూరు గూడ నువ్వే చెయ్యాలె."

"తాగి పడిపోతే ఎవలు మోస్తరు కాకా?"

"ఆడ తాగరంటరా. పుక్కిలించి ఉమ్మేసుడే!"

"ఉమ్మెటందుకు గంత దూరం పోవాల్నా?"

నీ బదులు నాకిచ్చిన నౌకరితో పాటు నీ నడుంనొప్పి కూడా వచ్చింది. ఒక్క సరదా అయినా రానీ అని లీవు పెట్టాను. గ్లాసు ఎత్తేటప్పుడు మాత్రం కాస్త అటు తిరుగు బాపూ. నీ ముందు తాగే ధైర్యం ఇంకా రాలేదు.