కత్తిరించిన సవరణ

చిరంజీవికి,

నాకు చూపించకుండా నా పాఠాలు నెట్‌లో పెట్టనని పదేళ్ల క్రితం కెమెరా ముందు కూర్చోబెట్టి మాటిచ్చావు. తప్పావు. అలిగి నేనూ వాటి మొహం చూడలేదు.

నిన్న మనవరాలు ఫోనులో నా కెమిస్ట్రీ పాఠం విని, "యాసిడ్‌లో నీళ్లు పోస్తే సరి కదా తాతయ్యా? నువ్వే చెప్పావుగా!" అంది.

పాఠానికొక తప్పు కావాలనే చెప్పి, ఎవరు పట్టుకుంటారా అని చూడటం నా అలవాటు. ఆ రోజూ అలాగే తప్పు చెప్పి, కాసేపు ఆగి, యాసిడ్‌నే నీళ్లలో పోయాలని సరిదిద్దాను. పాఠం పొట్టిగా ఉండాలని నీ దగ్గర వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు ఆ సవరణను కత్తిరించేశారు. అచ్చుపుస్తకానికి తప్పొప్పుల పట్టికైనా ఉంటుంది, దీనికి అదీ లేదు. నాలుగు లక్షల మంది చూశారట. సోమవారం పిల్లలకు ప్రాక్టికల్స్. యాసిడ్ చిమ్మితే కళ్లు పోతాయిరా! ఫోను ఎత్తవు కాబట్టి మనిషి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఈ పూటే ఆ పాఠం తీసేసి, అందరికీ నిజం చెప్పు.

కత్తిరించిన వాళ్లను నేనేమీ అనను, వాళ్లకు కెమిస్ట్రీ రాదు. ఒకప్పుడు అందరికంటే ముందు "తప్పు మాస్టారూ!" అని అరిచిన ముందు బెంచీ వాడివి నువ్వు. ఈసారి నోరు మెదపని నిన్నే అంటాను.

మీ మాస్టారు