గొడ్డలికి తాడు విప్పేశాను

తమ్ముడూ,

చిన్న గొడ్డలికి నువ్వు కట్టిన తాడు, అదే మణికట్టుకి తగిలించుకునేది, విప్పేశాను. మళ్ళీ కట్టకు. పెరట్లో విరిగిపడ్డ కొమ్మ నరికే ముందు చేతులు తుడుచుకో. పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టాను, ఇక జారదు. కుక్కని లోపల కట్టెయ్యి. మీ బావని కూడా దగ్గరికి రానివ్వకు.

"తాడు లేకపోతే జారి ఎవరి మీదైనా పడుతుంది అక్కా" అంటావు. మొన్న తాడు ఉండగానే జారింది. ఎగిరి అవతల పడాల్సింది నీ చేతికి వేలాడి, తిరిగొచ్చి, మోకాలి దగ్గర ప్యాంటు కోసింది. ప్యాంటు కుట్టి మంచం మీద పెట్టాను. మోకాలు కుట్టడం నాకు రాదు. నీ చేతుల్ని నమ్మి వీధిలో సగం మంది గడ్డాలు అప్పగిస్తున్నారు, అదైనా గుర్తుపెట్టుకో.

కోపంగా వెళ్ళాననుకోకు. బస్సుకి టైమైంది.

అక్క

తాడు పారెయ్యలేదు, తలుపు వెనక మేకుకి ఉంది. పైకొమ్మ కోయడానికి నిచ్చెన ఎక్కినప్పుడు రంపాన్ని దాంతో చెట్టుకి కట్టుకో, చేతికి కాదు. నేను వచ్చాకే ఎక్కు. నిచ్చెన పట్టుకునేది నేనే కాబట్టి, కింద ఉండేది నా తల.