వంతెన చివర సైకిలు

సాల్ట్‌వెల్,
1940 జులై 9

నా ముసలి ప్రొఫెసర్ హోరేస్‌కి,

ఆస్పత్రి గంజి తాగి ఒళ్లు చేశావట. ఈసారి నువ్వు వంతెన మీంచి దూకితే సముద్రం ఊళ్లోకొస్తుందేమో. నవ్వావా? అయితే దగ్గుమందు ఓ చెంచా పుచ్చుకుని మిగతాది చదువు.

మన చెక్కవంతెన నడుం విరిచేశారు. శత్రువులు దాని చివర పడవలు కట్టి, టిక్కెట్టయినా కొనకుండా ఊళ్లోకి నడిచొస్తారని మిలిటరీ వాళ్లు మధ్యలో ముప్ఫై గజాలు పేల్చేశారు. మా తాతమ్మ కాలం నుంచీ జనం డబ్బిచ్చి సముద్రం మీదికి నడిచి, ఎక్కడికీ చేరకుండా తిరిగొచ్చిన వంతెన. ఇప్పుడు అందుకూ పనికిరాదు. అవతలి సగం నీళ్లలో ఒంటరిగా నిలబడింది. నువ్వు దూకే అరుగు, నా వంకర అద్దాల గది, అన్నీ అక్కడే. నీ సైకిలు కూడా.

అవును, 'ప్రొఫెసర్' అని పేరు పెట్టుకుని, టిక్కెట్టు కొన్న జనం ముందు నువ్వెక్కి సముద్రంలోకి దూకే సైకిలే. క్లెమ్ దొంగిలించలేదు. వచ్చే ఆగస్టుకి రెండేళ్లు, బాండు వేదిక కింద నేనే దాచాను. ఒక్క పూట నిన్ను ఏడిపిద్దామని. నువ్వేమో జనమందరి ముందూ, "ఇరవై ఏళ్లు నా పక్కన డోలు వాయించి, నా సైకిలే అమ్ముకున్నావట్రా?" అన్నావు. "అమ్మేవాణ్ణయితే ముందు నీ బట్టతల అమ్మేవాణ్ణి" అని వాడు నవ్వాడు. నువ్వు నవ్వలేదు. వాడు డోలు పుల్లలు నేలమీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడే చెప్పేదాన్ని. కానీ ఆ సాయంత్రం నువ్వు దూకలేదు. పదిహేనేళ్లలో మొదటిసారి, నువ్వు నీళ్లలోంచి తేలతావా లేదా అని చూడక్కర్లేకుండా టీ తాగాను. ఆ రుచి మరిగాను, హోరేస్.

ఇప్పుడు క్లెమ్ సముద్రంలో మందుపాతర్లు ఏరే పడవ మీద ఉన్నాడు. మూడు వారాలుగా కబురు లేదు. వాడి భార్య నోరా రొట్టెల కోసం నిలబడ్డ వరసలో నన్ను చూసి మొహం తిప్పుకుంటుంది. సైకిలు తెచ్చి ఆమె గుమ్మంలో పెడదామని ఆ మిలిటరీ మేజరుని పడవ అడిగాను. "అక్కడేం మర్చిపోయావు?" అన్నాడు. "ఒకడి పరువండీ" అన్నాను. "ఇంటికెళ్లమ్మా" అన్నాడు.

పేలుడుకి వేదిక పలకలు ఊడిపోయాయి. కొండ మీద పెన్నీ నాణెం వేసి చూసే దుర్భిణిలోంచి, గాలి వీస్తే ముందుచక్రం తిరగడం కనిపిస్తుంది.

తిట్టు. కానీ జవాబు రాయి.

నీ ఎఫీ


శానిటోరియం,
జులై 14

ఎఫీ,

సైకిలు ఎక్కడుందో నాకు రెండో రోజే తెలుసు. నీ పాత ఏప్రన్ కప్పి ఉంది, ఇంకెవరనుకుంటాను? తియ్యలేదు. అప్పటికే అరుగెక్కితే కిందికి చూడలేకపోయేవాణ్ణి. ప్రొఫెసర్ భయపడ్డాడని ఊరనుకోవడం కంటే, సైకిలు పోయిందనుకుంటే మేలనిపించింది. అందుకొక దొంగ కావాలి. క్లెమ్ పోట్లాడే రకం కాదు.

మే నెలలో వాడికి అంతా రాశాను. ఆ ఉత్తరం నిన్న తిరిగొచ్చింది, విప్పకుండా, కవరు మీద 'గల్లంతు' అన్న ఎర్ర ముద్రతో.

నోరాకి టెలిగ్రాం ఈపాటికి వచ్చుండాలి. రాకపోతే రేపో ఎల్లుండో వస్తుంది. ఏదైనా సరే, వెళ్లు. ఆమెని కొండ మీదికి తీసుకెళ్లి ఆ చక్రం చూపించు. ఎవరు దాచారో చెప్పు. తెలిసీ ఎవరు ఊరుకున్నారో అదీ చెప్పు. నన్ను మంచం దిగనివ్వడం లేదు.

పెన్నీలు ఎక్కువే పట్టుకెళ్లు. గాలి లేకపోతే, వీచేదాకా ఆమె పక్కనే కూర్చో.

హోరేస్