రూబీ కుడికన్ను

కాకినాడ

ప్రియమైన అమ్మకు, తబిత వందనాలు. అక్కడ నువ్వూ, వదినా, చంటివాడూ బాగుండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఇక్కడ నేనూ అన్నయ్యా కులాసాగానే ఉన్నాం. రాయాల్సింది నీ మనవరాలు రూబీ సంగతి. ఫోన్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

నీ ఉత్తరం, మాగాయ అన్నయ్య తెచ్చి ఇచ్చాడు. హాస్టల్లో సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నానమ్మా, నీ కంటికి నేనెప్పుడూ సన్నంగానే కనిపిస్తాను. "పిల్లల డాక్టరు చదువుతున్నావు కదా, ల్యాబ్ వాళ్లు కీళ్లవాతం లేదని ఇచ్చాక మన పిల్లకి ఇంకా మందులేంటి?" అని కూడా అడిగావు.

ల్యాబ్ వాళ్ల తప్పేం లేదు. ఆ ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష పెద్దవాళ్లకు పనికొచ్చినట్టు పిల్లలకు పనికిరాదు. జబ్బున్న పిల్లల్లో చాలామందికి నెగటివ్ అనే వస్తుంది. మాకు పాఠాలు చెప్పే డాక్టరు మేడమ్ ఆ రిపోర్టు పక్కన పెట్టేసి, రూబీ మోకాలు రెండు చేతులతో పట్టుకుని చూశారు.

"పొద్దున్నే లేవగానే కుంటుతుందా అండి?"

"అవునండి. కాసేపటికి మామూలుగా ఆడేసుకుంటాదండి" అన్నాడు అన్నయ్య.

"ఈ జబ్బు తీరే అదండి" అన్నారు.

మందులతో మోకాలు దారిలో పడుతుంది. నేను చెప్పలేకపోతున్నది వేరే. ఈ జబ్బు కొందరు పిల్లలకు కంటి లోపల కూడా వాపు తెస్తుంది. ఎరుపుండదు, నొప్పుండదు. కంటి డాక్టరు గారికి చూపించేసరికే ఆలస్యమైపోయింది. అమ్మా, రూబీ కుడికన్ను చూపు చాలావరకు పోయింది. తిరిగొస్తుందని ఎవరూ మాట ఇవ్వడం లేదు. ఎడమకన్ను ఇప్పటికి బాగుంది. దాన్నైనా కాపాడుకోవాలి.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. మసక ఎప్పట్నుంచే అని అడిగితే "ఎండాకాలం సెలవుల్నుంచి అత్తా" అంది. మరి ఎందుకు చెప్పలేదే అన్నాను.

"మామ్మ చర్చిలో నిలబడి, దేవుడు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది కదా. నాకు బాలేదంటే మామ్మ అబద్ధం చెప్పిందనుకుంటారు."

బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదమ్మా. ఆ రిపోర్టు చేతిలోకి వచ్చాక నేనైనా అలాగే స్తోత్రం చెప్పేదాన్ని. కానీ ఇప్పటికీ ఎడమకన్ను ఎలా ఉందని ఎవరు అడిగినా "బాగా కనపడతందండి" అనే అంటోంది. అది నిజమో, నీకోసం చెబుతున్నదో నాకు తెలియడం లేదు. నాకు చెప్పదు, వాళ్ల నాన్నకు చెప్పదు. నువ్వు రా అమ్మా. ఒళ్లో కూర్చోబెట్టుకుని, బాలేకపోతే బాలేదని చెప్పవే తల్లీ, మామ్మకేం కాదు అని నీ నోటితో చెప్పు. అది నీ మాటే వింటుంది.

ఇట్లు,
నీ చిన్నకూతురు
తబిత