పులిపిరి ఎవరంటించారు

జూన్ 10, మంగళవారం
మూడోది మొలిచింది. కుడి చూపుడువేలు, గోరు పక్కనే. మొదటిది ఇదే చేతికి వస్తే ఆనెకాయ అనుకుని ఊరుకున్నాను. కాదు... గరుగ్గా, మధ్యలో నల్లచుక్కలు. పులిపిరే.
యాభై రెండేళ్లు లేనిది ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చినట్టు? మే నెలలో చర్చిలో ప్రభువు బల్లకి, అందరికీ పంచే రొట్టె కోసినప్పుడు, సాయానికొచ్చిన మేరీ బొటనవేలికి ప్లాస్టర్ ఉంది. ఇద్దరం ఒకే తువ్వాలుకి చేతులు తుడుచుకున్నాం. నా తోటికోడలు ఆ ప్లాస్టర్ కింద ఏం దాచిందో...

జూన్ 12
అత్తగారు పులిపిరి మొదట్లో తలవెంట్రుక బిగించి కట్టారు. "రాలిపోద్దిలే. తడపమాక."
సాయంత్రానికి వేలంతా సలుపు. తెంపేశాను.

జూన్ 15, ఆదివారం
ఆరాధన అయ్యేదాకా చెయ్యి కొంగులోనే. పాటల పుస్తకం ఎడంచేత్తో. మేరీ రెండుసార్లు చూసింది. "ఏంటక్కా, చేతికేమైంది?" ఏం లేదన్నాను. ఆ అడగడంలో ఏదో ఉంది.
ఇది బయటపడితే రొట్టె పని పోతుంది. పందొమ్మిదేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె అంచులు తీసి ముక్కలు కోసేది నేను. భవానీపురంలో నన్నెవరైనా గుర్తుపట్టేది ఆ పనితోనే. అది పోతే నాకంటూ ఏమీ మిగలదు. భయంగా ఉంది.

జూన్ 21
బ్లేడుతో కోసేశాను. బుద్ధి తక్కువ. ఒకటే రక్తం.

జూన్ 30
కోసిన చోట చుట్టూ నాలుగు పిల్ల పులిపిర్లు.

జూలై 1
స్కిన్ డాక్టరు గారికి చూపించాను. బ్లేడు మాట వినగానే ఆవిడ కళ్లజోడు తీసి మరీ చూశారు. వైరస్ అట. చర్మం మీద చిన్న గాటున్నా అందులోంచి దూరుతుందట. పైకి కనబడ్డానికి నెలలు పడుతుందట. రోజూ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి, గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి, లోషన్ ఒక్క చుక్క, పైన టేపు. తువ్వాలు వేరు. "రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. తగ్గకపోతే మంచులా గడ్డకట్టించి తీసేద్దాం. చాలామందికి వాటంతటవే పోతాయి కూడా."
ఎవరంటించారో చెప్పగలరా అని అడిగాను. నవ్వారు. "చెప్పలేమండీ."
ఆవిడకి తెలియకపోతే పోనీ. నాకు తెలుసు.

జూలై 4
పాస్టరమ్మ గారి ఫోను. "ఈ నెలకి మీరు రెస్టు తీసుకోండమ్మా. మేరీ చూసుకుంటుంది." ఎందుకో చెప్పలేదు.
తెలిసినవాళ్లు ముగ్గురే... డాక్టరు, అత్తగారు, మావారు. వాళ్లెందుకు చెబుతారు? మేరీ పసిగట్టింది. మేరీయే ఈ మాట మోసింది.

జూలై 6, ఆదివారం
ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది. అంచులు కూడా సరిగ్గా తియ్యలేదు. బల్ల ముందు నిలబడి ఇలాంటి ఆలోచన... పాపమే. అయినా కనబడింది.

జూలై 10
మేరీ రొయ్యల ఇగురు పంపింది. గిన్నె ఖాళీగా తిప్పి పంపాను. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

జూలై 16, బుధవారం
మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరు గారు ప్రార్థన మనవుల చీటీలు ఒక్కొక్కటీ తీసి చదువుతున్నారు. "మన సహోదరి కుడిచేతి పులిపిర్ల స్వస్థత కోసం గత నెల నుంచీ ప్రార్థిస్తున్నాం..."
చీటీ మీద మావారి చేతిరాత. పక్కనే కూర్చుని అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నారు!
అందరూ వెళ్లాక నిలదీశాను. "మరి జబ్బంటే ప్రార్థన పెట్టించొద్దా?" అంటారు, ఎంతో మేలు చేసినట్టు. నెల రోజులుగా సంఘమంతా నా పులిపిర్ల కోసం మోకాళ్ల మీద ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.
మేరీని అనుమానించినందుకు మాత్రం తన దగ్గర ఏమీ ఒప్పుకోలేదు. ఈ మాట మోయలేదు సరే. అంటించింది తనే కదా.

జూలై 27
రెండు పలచబడ్డాయి. లోషన్ మండుతోంది. మండనీ.

ఆగస్టు 1, శుక్రవారం
మధ్యాహ్నం మేరీ వచ్చింది. తలుపు దగ్గరికి వేసి బొటనవేలు చాపింది. గరుగ్గా, నల్లచుక్కలతో.
"ఆ మందు పేరు చెప్పక్కా. బావగారితో మాత్రం అనొద్దు, చీటీ రాసేస్తారు."
నవ్వొచ్చింది. అడిగేశాను... మేలో ప్లాస్టర్ వేసుకున్నావే, అప్పట్నుంచే ఉందా అని.
"అబ్బే, అది కత్తిపీట గాటక్కా. మానిపోయింది. సరిగ్గా అక్కడే ఇది మొన్న మొలిచింది."
గాటు. ఒకే తువ్వాలు. నేను ఆనెకాయ అనుకున్న మొదటిది అంతకుముందే, ఏప్రిల్లో ఈస్టరు నాటికే ఉంది.
లోపలికెళ్లి కొత్త సీసా తెచ్చిచ్చాను. రొట్టె కోసేటప్పుడు టేపు వేసి, గ్లవుజులు తొడుక్కోమన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందని తను అడగలేదు.

ఆగస్టు 2, శనివారం
మళ్లీ పాస్టరమ్మ గారి ఫోను. "చెయ్యి ఎలా ఉందమ్మా? రేపు మీరొస్తారా, మేరీనే ఉంచమంటారా?"
మేరీ వేలి సంగతి ఒక్క మాట అంటే చాలు. పని మళ్లీ నాదే. నాలిక చివరిదాకా వచ్చింది.
"మేరీనే చెయ్యనివ్వండి" అన్నాను.
"ఎంత మంచి మనసమ్మా మీది!"
కాదండీ అనాల్సింది. అనలేదు. మేరీ వేలు బయటపడితే ఎవరంటించారని అందరూ అడుగుతారు. ముందు మేరీయే అడుగుతుంది...