మూడు మిల్లీమీటర్ల రంధ్రం

వరంగల్, 3 ఫిబ్రవరి 2026

ప్రియమైన నాజియక్కా,

నిన్న మధ్యాహ్నం 3.40కి మా సోలార్ సెల్ 22.6 శాతం చూపింది. పడిన వెలుతురులో అంత భాగం కరెంటుగా మారింది. మన ల్యాబ్‌లో ఇప్పటిదాకా పెద్ద అంకె నీదే, 20.8. మన్నించు.

కిషన్ రావు సార్ నవ్వడం నాలుగేళ్లలో మొదటిసారి చూశాను. 20న పేపర్ పంపుదామన్నారు. అది అచ్చయితేనే నా థీసిస్ కదులుతుంది. కొత్తవాడ ఇంట్లో నేల మీద పరిచే దరీ నేస్తూ నాన్న అడిగాడు: "మిగిలిన డెబ్బై ఏడు ఎటు పాయె బిడ్డా?" చాలామటుకు వేడిగా పోయిందన్నాను. "నూలు గంత ఖరాబు చేస్తె మా సేటు నన్ను మగ్గం ముట్టనియ్యడు" అన్నాడు.

సెల్‌ను మీ టెస్టింగ్ సెంటర్‌కు పార్సిల్ చేశాను. నువ్వు కొలిచి సర్టిఫికెట్ ఇస్తే ఇక ఎవరూ అడగరు.

నీ చెల్లి,
మహిత

బెంగళూరు, 11 ఫిబ్రవరి

ప్రియమైన మహితా,

మూడుసార్లు కొలిచాను. 18.7. సెల్ చెడిపోలేదు. సెల్ మీద వెలుతురు వేసే మా దీపమూ సరిగానే ఉంది. జర పేపర్ ఆపు.

కొలిచేటప్పుడు సెల్ మీద పెట్టే రేకు తీసి చూడు. దాని చదరపు రంధ్రం గుండానే వెలుతురు సెల్ మీద పడాలి. పక్కన 3 మి.మీ. అని చెక్కి ఉంటుంది. చెక్కిన అంకెను కాదు, రంధ్రాన్ని కొలువు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

నాజియా

వరంగల్, 15 ఫిబ్రవరి

అక్కా,

రేకును మైక్రోస్కోప్ కింద పెట్టాను. 3.3. రంధ్రం వైశాల్యం తొమ్మిది కాదు, దాదాపు పదకొండు చదరపు మిల్లీమీటర్లు. ఐదో వంతు వెలుతురు అదనంగా సెల్ మీద పడింది, దాన్ని మేం లెక్కలో వేయలేదు. సరిచేస్తే నీ 18.7 వచ్చింది.

సార్‌కు చెప్పాను. రేకును తిప్పి తిప్పి చూశారు. తర్వాత "చాయ్ తాగినవా?" అన్నారు. పేపర్ ఆగింది. థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది. నాన్న మాత్రం, "మగ్గం మీద దరీ బిగువుల ఉంటది. దింపినంక కొలిస్తెనే అసలు పొడుగు. గిది తెల్వకనే పీహెచ్‌డీ చేస్తానవా?" అన్నాడు.

ఒక్కటి అడగాలి. రంధ్రం అంచుల మీద ఆకురాయి గీతలున్నాయి. ఈ రేకు నీ కాలం నుంచీ అదే డ్రాయర్‌లో ఉంది. రంధ్రం కొలవమని నీకెలా తోచింది?

మహిత

బెంగళూరు, 24 ఫిబ్రవరి

ప్రియమైన మహితా,

అరగదీసింది నేనే. 2022 ఆగస్టులో. అంచులు సెల్‌ను గీరుతున్నాయని, మా అన్నయ్య ఇజాజ్ వెల్డింగ్ షాపు నుంచి ఆకురాయి తెచ్చాను. మళ్లీ కొలవాలని తెలుసు. మరునాడు 20.8 వచ్చింది. కొలవలేదు. నా డాక్టరేట్, ఈ ఉద్యోగం రెండూ ఆ అంకె మీదే వచ్చాయి.

నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు అర్థమైంది. అయినా నిన్ను కొలవమన్నానే గానీ నా సంగతి చెప్పలేదు. రెండో ఉత్తరం ఐదు రోజులు బల్ల మీదే ఉంది.

నా అసలు అంకె 17.2. అంటే మన ల్యాబ్‌లో నీదే పెద్దది. నా పేపర్ సరిదిద్దమని నిన్న జర్నల్‌కు రాశాను. మా డైరెక్టర్‌కూ చెప్పాను. ఉద్యోగం సంగతి మార్చి 6న తేలుస్తామన్నారు.

సార్‌తో మాట్లాడాను. మార్చి 2, సోమవారం, ఉదయం పదిన్నరకు ల్యాబ్‌లో ఉంటాను. రంజాన్ రోజాలో ఉంటాను కాబట్టి సార్ చాయ్ నా వంతు కూడా నువ్వే తాగు. కొత్త రేకు తెస్తున్నాను. ముందు దాని రంధ్రం నువ్వు కొలుస్తావు, తర్వాత నేను. ఆ తర్వాతే నీ సెల్.

నీ అక్క,
నాజియా