శుక్రవారం పాఠం

తామ్వే, యాంగోన్, బర్మా

ఏమండీ,

ఫోనులో ఇంటిల్లిపాదీ వింటారని సిగ్గుపడి ఇలా రాస్తున్నాను. దోహాలో మీ పై ఇంజనీరు, ఆ జోర్డాన్ ఆయన, శుక్రవారం నమాజు అయ్యాక వీడియోలో తన ఊరివాళ్లకు ఇన్వర్టర్ల పని నేర్పుతాడన్నారు కదా. ఆ పాఠాలతోనే వాళ్ల ఊళ్లో రిపేరు కొట్లు వెలిశాయట. వాళ్లు తీగ తప్పుగా కలిపితే అంత దూరం నుంచి ఆయనకెలా తెలుస్తుంది? ఆ సంగతే ఆలోచిస్తున్నాను.

మీరు వెళ్లాక మన రిపేరు కొట్టు మూతపడింది. కరెంటు ఉండని ఈ రోజుల్లో జనం పాడైన ఇన్వర్టర్లు మోసుకొచ్చి, తలుపు చూసి తిరిగిపోతున్నారు. నాకు నేర్పుతారా?

అత్తయ్యను అడిగాను. "ఆడదానివి, తీగలు ముట్టుకుంటావేటే?" అని కసిరి, కాసేపటికి, "సర్లే, ముందు నా ఫ్యాను తిరగాల" అన్నారు.

శుక్రవారం మీకూ సెలవే కదా. మీ స్క్రూడ్రైవర్లు తుడిచి పెట్టాను.

మీ ఇంటి మనిషి